చెంగమ్మ తోమిన జాడీ

పాయసం పంపిన ఇత్తడి గిన్నెను పక్కింటావిడ నిన్న తిరిగిచ్చారు. చింతపండు వేసి తోమి, ముఖం కనబడేలా తళతళలాడించి మరీ ఇచ్చారు. ఇంకొకరైతే సంతోషించేవారు. నాకు మాత్రం ఆ పులుపు వాసన తగలగానే ఒళ్ళు మండింది. పాపం, ఆవిడ తప్పేమీ లేదు. ఆ మంట నలభై ఏళ్ల నాటిది. దానికి కారణం మా మునిరత్నం సారు.

ఎనభైల మొదట్లో తిరుపతి యూనివర్సిటీలో ఆయన దగ్గర పరిశోధన చేసేవాణ్ణి. బక్క మనిషి, భుజాన ఎప్పుడూ ఒక ఖాకీ సంచి. ఏ లెక్క పట్టుకెళ్లినా ఒకటే ప్రశ్న: "నువ్వు సూసినావా అప్పా?" బస్సు గంట ఆలస్యమైందని చెప్పినా, ఏ గడియారంలో చూశావని అడిగే రకం. ఆయనతో వేగడం దేవుడి వల్ల కూడా అయ్యే పని కాదు.

అప్పట్లో పులికాట్ సరస్సు ఒడ్డున గుల్లలు తవ్వి, బట్టీల్లో కాల్చి సున్నం చేసేవారు. ఆ బట్టీలు ఒడ్డుకూ ఊళ్లకూ ఎంత దూరంలో ఉండాలో తేల్చి చెప్పే పని మా విభాగానికి వచ్చింది. అందులో నా వంతు, గాలిలోంచి రాలే దుమ్మును కొలవడం. వెడల్పు మూతి గాజు జాడీలో కాసిన్ని నీళ్లు పోసి, ఆరుబయట కొయ్య మీద నెల రోజులు ఉంచాలి. తర్వాత అందులో పడిన దుమ్మును తెచ్చి తూకం వేయాలి. అలా ఐదు చోట్ల పెట్టాను. ఒకటి బట్టీకి కూతవేటు దూరంలో, చెంగమ్మ అనే జాలరి ఆవిడ వాకిట్లో. ప్రతి నెలా ఒకటో తేదీన సూళ్లూరుపేటలో బస్సు దిగి, అక్కడి నుంచి ఏది దొరికితే అది పట్టుకుని వెళ్లేవాణ్ణి. పాత జాడీ తీసుకుని, కొత్తది పెట్టి, ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి వచ్చేసేవాణ్ణి.

ఎనిమిది నెలలకు ఒక వింత తేలింది. ఐదు చోట్లలోనూ శుభ్రమైన గాలి బట్టీ పక్కనున్న చెంగమ్మ వాకిట్లోనే! నేను ఎగిరి గంతేశాను. సముద్రపు గాలి దుమ్మును ఆ ఇంటి మీదుగా ఎత్తుకెళ్లి ఎక్కడో దూరంగా పడేస్తోందని, బాణాలు గీసిన బొమ్మలతో సహా పన్నెండు పేజీల సిద్ధాంతం రాశాను. అది గడువులోగా అందజేస్తే హైదరాబాదులో నాకు మాటిచ్చిన ఉద్యోగం ఖాయం. సారు సంతకం ఒక్కటే మిగిలింది.

ఆయన పన్నెండు పేజీలూ ఓపిగ్గా చదివారు. "బాగానే రాసినావు. నువ్వు సూసినావా?"

"ఎనిమిది నెలలుగా చూస్తూనే ఉన్నాను సార్."

"జాడీని సూసినావు. దుమ్ము యాడికి పోతాందో సూసినావా?"

మర్నాడే బయల్దేరదీశారు. ఒకటో తేదీకి ఇంకా ఒక రోజుంది, రేపు వెళదామని బతిమాలినా వినలేదు. మేం వెళ్లేసరికి చెంగమ్మ గడప దగ్గర కూర్చుని, దగ్గుకుంటూ, నా జాడీని చింతపండుతో తోముతోంది.

"ఏం చేస్తున్నావమ్మా!" అని అరిచాను.

"రేపు గదా నాయనా నువ్వొచ్చేది. ముందే వస్తివే" అని ఆమె నొచ్చుకుంది. "నెలనెలా తోమి, మంచినీళ్లు పోసే గదా ఇస్తా ఉండాను. ఒకరి గిన్నెని మురికితో ఎట్ట ఇచ్చేది? మా ఇంటి పరువు ఏం గావాల?"

నేను నెత్తి పట్టుకున్నాను. సారు మాత్రం ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నారు. "లోపల ఏముండేది తల్లీ?"

"అడగబాక సామీ. తెల్లంగా గార పట్టినట్టు ఉంటాది. దీపావళి ముందు నెల ఎంత రుద్దినా పోలే. చింతపండు అయిపోతే పక్కింట్లో అడిగి తెచ్చుకున్నా."

సారు నా వైపు తిరిగారు. "ఎనిమిది నెల్లు ఈమె చేతి మజ్జిగ తాగినావే. ఒక్కదినమన్నా ఒక్కమాట అడిగినావా అప్పా?"

తిరుగు బస్సులో ఆయనతో పోట్లాడాను. మిగిలిన నాలుగు జాడీలతో సరిపెడదామన్నాను.

"బట్టీ కాడ ఏం పడతాందో చెప్పలేనోళ్లం, బట్టీ ఎంత దూరం ఉండాలో ఎట్ట చెప్తాం? నీ పన్నెండు పేజీల మీద నేను సంతకం పెట్టింటే, ఆయమ్మ ఇంటెనకాల ఇంకో బట్టీ లేసిండేది."

"మరి నా ఉద్యోగం?"

"పోతాది" అన్నారు, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ. అంత తేలిగ్గా! అన్నట్టే పోయింది కూడా. తోమొద్దని చెంగమ్మకు చెప్పి, మళ్లీ మొదటి నుంచి ఏడాది పాటు జాడీలు మోశాను. ఆయన్ను తిట్టుకోని రోజు లేదు.

ఏడాది చివర అన్నిటికన్నా మురికిది చెంగమ్మ జాడీయేనని తేలింది. ఆ సంగతి ముందు ఆమెకే చెప్పాలని సారు పట్టుబట్టారు. ఆ నెల జాడీని కొయ్య మీద నుంచి దించి, తోమకుండానే ఆమె చేతికిచ్చాను. అడుగున పేరుకున్న తెల్లటి మడ్డిని ఆమె చాలాసేపు చూసింది.

"గిన్నె అయితే తోమేస్తి" అంది, రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని. "ఇదెట్ట తోమేది నాయనా?"

అన్నీ అడిగే మా సారు ఆ జాడీని ఆమె చేతిలోంచి మెల్లిగా తీసుకుని, మూత బిగించి తన ఖాకీ సంచిలో పెట్టుకున్నారు. బట్టీలు ఊరికి దూరం జరగడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. అది చూడటానికి చెంగమ్మ లేదు.

సారూ పోయి చాలా కాలమైంది. ఆయన మీద నా కోపం మాత్రం అలాగే ఉంది. తర్వాత దొరికిన ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, గాలి శుభ్రంగా ఉందంటూ ఎవరైనా మచ్చలేని లెక్కలు తెస్తే, ఆ ఇంటి ఆడమనిషిని అడిగావా అని మళ్లీ బస్సెక్కించేవాణ్ణి. వాళ్లంతా నన్ను తిట్టుకునే ఉంటారు. తిట్టుకోనీ.