తోడల్లుడి పాటల గది

మా తోడల్లుడు పోయారని కబురు వచ్చేసరికి నేను బరంపురంలో మా బట్టలకొట్టు తలుపు తీస్తున్నాను. మొదట ఏడుపు రాలేదు. ఇక ఆదివారాలు ఎవరూ ఆయనింటికి పోరు కదా అనిపించింది. రాయడానికి సిగ్గుగా ఉన్నా, అది నిజం.

ఆయన మా ఆవిడ అక్క మొగుడు. రైల్వేలో చిన్న ఉద్యోగం. సాయంత్రాలు పాత టేకు తలుపులు కోసి, పూర్వపు రేడియోల తీరులో స్పీకరు పెట్టెలు చేసేవారు. ముందు గదిలో రెండు పెట్టెలు, వాటికెదురుగా సరిగ్గా నడుమ ఒక కుర్చీ. ఎవరొచ్చినా "బొసొంతు, బొసొంతు" అని ఒడియాలో మర్యాద చేసి అందులో కూర్చోబెట్టి, తాను గోడకానుకుని నిలబడేవారు. పాట అయ్యేదాకా ఎవరూ నోరు మెదపకూడదు. మా మావగారు పురుషోత్తంపూర్ నుంచి బస్సెక్కి వచ్చేది ఆ కుర్చీ కోసమే. నేను కలకత్తా నుంచి తెప్పించిన విదేశీ సెట్టును చూసి "బాగుంది అల్లుడూ" అని, చెప్పులేసుకుని అటు వెళ్లిపోయేవారు. మా ఆవిడా వెంట వెళ్లేది. అక్కడ ఆమె కళ్ళు మూసుకుని వింటుంటే నాకు కడుపు మండిపోయేది. మా ఇంట్లో ఎన్నడూ అలా వినలేదు.

"పెట్టి పెద్దదైతే పాట పెద్దదైపోద్దేటి?" అనేవారాయన. నన్నే అన్నారనుకునేవాణ్ణి.

పెట్టె ముందు బిగించే గుడ్డకు నా కొట్టుకే వచ్చేవారు. నేను గొప్పకు పట్టు తీస్తే, నోటికి అడ్డం పెట్టుకుని ఊది చూసేవారు.

"పట్టొద్దు తమ్ముడూ, దీనికి ఊపిరాడదు. ముతకది సూపించు."

ఒక ఆదివారం పాటలు వినడానికి కొడల ఊరి నుంచి మావగారి చుట్టాలు వస్తున్నారు. నేను ముందే వెళ్లి, ఆయన స్నానానికి లేచిన అదను చూసి, ఒక పెట్టె వెనక ఎర్ర తీగనూ నల్ల తీగనూ తారుమారు చేశాను. అలా చేస్తే రెండు పెట్టెలూ తగువులాడుకుంటాయి, పాటలో నిండుతనం పోతుంది. అలాగే అయింది. చుట్టాలు మొహమొహాలు చూసుకున్నారు. ఆయన కాసేపు చెవి ఒగ్గి విని, వెనక్కి వెళ్లి సరిచేసి, "నాదే తప్పు. తీగలు అటూ ఇటూ ఎట్టీసినాను" అన్నారు.

"ఇంతేనేటి నీ పనితనం?" అని మావగారు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను.

నన్ను గుమ్మం దాకా సాగనంపుతూ ఆయన, "శబ్దం సంగతి మనోళ్ళలో నీకే తెలుసు తమ్ముడూ. నువ్వూ ఒక జత సెయ్యి, నాను సాయమొస్తాను" అన్నారు. ఆయనకు శిష్యుణ్ణవ్వడమా అనుకుని చెయ్యలేదు. మావగారు బతికినన్నాళ్ళూ ఆ తీగల మాటెత్తి వెక్కిరిస్తూనే ఉన్నారు, ఆయన నవ్వి ఊరుకునేవారు.

పన్నెండో రోజు భోజనాల్లో కొడల చుట్టం ఒకాయన ప్రేమగానే, "మంచి పనోడే గానీ, ఆవాళ తీగలు తప్పెట్టీసినాడు" అన్నాడు. పంక్తి అంతా నవ్వింది. నేను తినడం ఆపాను. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. వడ్డిస్తున్న మా ఆవిడ నా విస్తరి మీదకి వంగింది.

"తినండి. ఆవాళ నాను కిటికీలోంచి సూసినాను. సెప్పబోతే బావే వద్దన్నారు. ఆయన దాసింది మీరు బైటెట్టకండి."

అంటే ఇన్నేళ్ళూ ఆమెకు తెలుసు. పనితనంలో మించారు, సరే. ఇందులోనూ ఆయనే మించిపోయారని ఆ విస్తరి ముందు కూడా కుళ్ళుకున్నాను. ఆమె మాట కాదని ఇప్పుడు రాస్తున్నాను, తీగలు మార్చింది నేనేనని. అప్పుడు మాత్రం తల వంచుకుని అన్నం కలిపాను. చుట్టాలు ఇంకా నవ్వుతున్నారు. మా ఆవిడ పులుసు గిన్నెతో పక్క విస్తరికి జరిగింది.