హాబీల వరసలో ట్రౌట్ చేప

అమీర్‌పేటలో మూడేళ్లపాటు నేను చేసిన పని ఊళ్లోవాళ్ల రెజ్యూమెలు టైపు చేయడం. మైత్రీవనం వెనక సందులో ఒక జిరాక్స్ షాపు, అందులో రెండు కంప్యూటర్లు, ఒకటి నాది. భీమవరం నుంచి జావా నేర్చుకుందామని వచ్చాను. నేర్చుకున్నాను కూడా. ఎక్కడా ఉద్యోగం రాక, చివరికి ఉద్యోగాలు రాబోయేవాళ్ల కాగితాలు కొట్టే చోట కూర్చున్నాను. మొదట్లో ఎవరికైనా కాల్ వచ్చిందని తెలిస్తే కడుపు మండిపోయేది. ఆర్నెల్లు తిరిగేసరికి ఆ మంట కూడా ఆరిపోయింది. ఎదుటివాడి మొహం చూడకుండానే పని అయిపోయేది.

మా షాపులో ఒక రెజ్యూమెకు గొప్ప పేరుండేది. ఎవరో అమెరికావాడిది, నెట్‌లోంచి దింపింది. దాని మీద తమ పేర్లు వేసుకున్న మొదటి ముగ్గురికీ ఇంటర్వ్యూలు వచ్చాయి. ఇక చూసుకోండి, కలిసొచ్చిన ఫార్మాట్ అదేనంటూ జనం వరస కట్టారు. పేరు, ఊరు, కాలేజీ, కోర్సు మార్చాలి. మిగతాది ముట్టుకుంటే ఊరుకునేవారు కాదు. పెళ్లి మంత్రంలాగా, అర్థం తెలియకపోయినా అక్షరం పోకూడదు. దాని అడుగున హాబీలు అన్నచోట ఒకే ఒక్క లైను ఉండేది. ఎత్తైన కొండల మీది సరస్సుల్లో ట్రౌట్ చేపలు పట్టడం అని. ఆ లైను రోజూ నా కళ్ల ముందు నుంచే పోయేది. తీసేయాలనీ అనిపించలేదు, ఉంచాలనీ అనిపించలేదు.

నా గదిలో నాతోపాటు ఒకాయన ఉండేవాడు. జహీరాబాద్ మనిషి, ముప్పై రెండేళ్లు. ఎర్రగడ్డలో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో ఎనిమిదేళ్లు లెక్కలు చెప్పాడు. స్కూలు మూతపడ్డాక, అందరూ వెళ్తున్నారు కదా అని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సులో చేరాడు. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. జహీరాబాద్‌లో వాళ్ల పెద్దన్నకు టైర్ల షాపు ఉంది. ఏడాది చూస్తాను, ఉద్యోగం రాకపోతే వచ్చి నీ షాపులో కూర్చుంటానని ఆయనకు మాటిచ్చి, భార్యను పుట్టింట్లో దింపి వచ్చాడు. ఆ ఏడాది ఇంకో వారంలో నిండుతుందనగా పంజాగుట్టలోని ఒక కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. అన్ని నెలల్లో వచ్చిన పిలుపు అదొక్కటే.

ఏడాదిగా ఆయన ఇంటర్వ్యూ జవాబులు తప్ప ఇంకేమీ మాట్లాడలేదంటే నమ్మాలి. స్నానాల గదిలోంచి కూడా నా బలాలు ఇవీ, నా బలహీనతలు ఇవీ అని ఇంగ్లీషులో వినబడేది. టిఫిన్ చేశావా అని అడిగితే, సరైన జవాబు ఏదో అని ఒక్క క్షణం ఆలోచించి చెప్పేవాడు.

ఇంటర్వ్యూకి ముందురోజు మధ్యాహ్నం, అదే ఫార్మాట్‌లో నేను కొట్టిచ్చిన తన రెజ్యూమె పట్టుకుని షాపుకి వచ్చాడు. నేను కొట్టిన రెజ్యూమెను చివరి లైను దాకా చదివిన మనిషి నాకు తెలిసి ఆయనొక్కడే. ట్రౌట్ అంటే ఏమిటని అడిగాడు. కొర్రమేను, బొమ్మిడాయి, చీరమేను, నా విద్య అంతవరకే అన్నాను. లైను కొట్టేద్దామంటే, కాగితం ఎప్పుడో వాళ్ల చేతికి చేరిందన్నాడు. సరే పదమని ఇద్దరం పక్కనున్న నెట్ సెంటర్లో కూర్చున్నాం.

రెండు గంటల్లో నోటుబుక్కులో ఎనిమిది పేజీలు నింపాడు. సాయంత్రం గదికి వెళ్లాక నన్ను మంచం మీద కూర్చోబెట్టాడు. ఎవరికైనా చెబితేగాని తనకు పట్టుబడదన్నాడు. గోడ మీద సుద్దతో కొండ గీశాడు, కొండ మీద సరస్సు గీశాడు. మంచు కరిగిన కొత్తలో చేపలు ఒడ్డు దగ్గరికి ఎందుకొస్తాయో, ఈకలు చుట్టిన గాలాన్ని చూసి పురుగని ఎలా మోసపోతాయో చెప్పాడు. బూజుకర్ర తీసుకుని, గాలం వెనక్కి ఎంత వరకు ఊపాలో, ముందుకు ఎక్కడ ఆపాలో చూపించాడు. నా వెనకనున్న అద్దం సరస్సు అనుకోమన్నాడు.

"చేప మనల్ని చూస్తది తమ్మీ. మన నీడ నీళ్ల మీద పడొద్దు. వంగి నడవాలె."

అని నిజంగానే వంగి గదంతా నడిచాడు. పట్టిన చేపను తడి చేత్తో పట్టుకోవాలట, పొడి చేత్తో పట్టుకుంటే దాని ఒంటి మీది జిగురు పోతుందట, చాలామంది దాన్ని మళ్లీ నీళ్లలోకే వదిలేస్తారట. పులుసు పెట్టుకోనివాడు అంత చలిలో కొండెందుకు ఎక్కడం అని నేను ఎగతాళి చేస్తే, మంచి ప్రశ్న, కూర్చో అన్నాడు. కూర్చునే ఉన్నానన్నా అన్నాను. ఇద్దరం నవ్వాం. చివర్లో నన్ను ప్రశ్నలడిగి, తప్పు చెప్పిన చోట మళ్లీ మొదటి నుంచీ చెప్పాడు. గంటన్నర అలాగే గడిచింది. ఆయన గొంతు అంత ధారాళంగా, మొహం అంత వెలుగుగా ఉండడం ఆ ఏడాదిలో నేను చూడలేదు.

మర్నాడు పన్నెండు గంటలకు ఇస్త్రీ చొక్కాతోనే షాపుకి వచ్చి కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. టెస్టింగ్ ప్రశ్నలన్నీ బాగానే చెప్పాడట. తర్వాత అక్కడున్న పెద్దాయన హాబీల లైను చూసి నవ్వాడట. ఆయన అమెరికాలో పదేళ్లు ఉండొచ్చినవాడు, ట్రౌట్ చేపలు స్వయంగా పట్టినవాడు. ఈయన చెప్పడం మొదలుపెడితే పెన్ను పక్కన పెట్టి విన్నాడట. అంతా విన్నాక, అదే లైనున్న ఇంకో రెండు రెజ్యూమెలు తీసి బల్ల మీద పరిచాడట. వీళ్లిద్దరికీ ట్రౌట్ అంటే ఏమిటో కూడా తెలియదు, మీరొక్కరే కష్టపడి చదువుకొచ్చారు, నాకు నచ్చింది, ఇక చేపల సంగతి వదిలేసి మీకు నిజంగా ఏమిష్టమో చెప్పండి అన్నాడట.

"ఏం చెప్పావన్నా?"

"ఏం యాదికి రాలె తమ్మీ. ఆయన జర టైం సుత ఇచ్చిండు, మంచినీళ్లు తాపిండు. నాకేమిష్టమో నాకే యాదికి రాలె."

తర్వాత కబురు చేస్తామన్నారట. ఆ మాటకు అర్థం ఆ సందులో ఎవరికైనా తెలుసు. ఆయన కళ్లలో నీళ్లు లేవు, నా మీద కోపం కూడా లేదు. ఉండి ఉంటే బాగుండేది. ఆయన వెనక ముగ్గురు నిలబడి ఉన్నారు. ఎవరిదో కాలేజీ పేరు నా స్క్రీన్ మీద సగంలో ఉంది.

"ఏడాది సంది చూస్తున్నవ్ గద నన్ను. నాకేమిష్టం తమ్మీ?"

వేళాకోళానికి అడగలేదు. జవాబు కోసం కౌంటర్ మీద చేతులు పెట్టి నిలబడ్డాడు. నాకు తెలుసు. ముందురోజు సాయంత్రం గంటన్నరసేపు కళ్లారా చూశాను. పాఠం చెప్పడం, అంతే, రెండు మాటలు. ఆ రెండు మాటలు ఆయన చేతిలో పెట్టడానికి నాకేం అడ్డొచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను. ఆ రోజు సిగ్గు కూడా వేయలేదు, ఏమీ అనిపించలేదు. స్క్రీన్ మీద నుంచి కళ్లు తిప్పకుండానే తెలీదన్నా అన్నాను.

ఆయన తలూపి, వెనకున్నవాళ్లకు దారిచ్చాడు. ఆ శనివారం జహీరాబాద్ బస్సెక్కాడు.