రెండు కౌంటర్ల తగువు

మా పిన్నికి ఆటలు రావు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే ఆమె పని చేస్తుండగా చూసినవాళ్ళెవరూ నమ్మరు. నడివయసు మనిషి, ముక్కు మీదికి జారే కళ్ళజోడు, ఒంటి మీద కంపెనీవాళ్ళిచ్చిన ఎర్రకోటు, చేతుల్లో గేమ్ సెట్. బొటనవేళ్ళు మీటల మీద టకటకలాడుతుంటే పిల్లలు చుట్టూ చేరి నోళ్ళు తెరుచుకుని చూసేవారు. నిజానికి ఆమెకు వచ్చినవి ఒకటి రెండు ఆటలు, అవీ మొదటి మెట్టు వరకే. అన్నం ఉడికేలోపు పొయ్యి దగ్గర నిలబడి నేర్చుకుంది. ఆ తర్వాత ఏమొస్తుందని ఏ పిల్లాడైనా అడిగితే, "అది కొన్నవాళ్ళకే కనబడుతుంది నాన్నా" అనేది.

ఆ పెద్ద ఎలక్ట్రానిక్స్ దుకాణానికి రాకముందు పిన్ని కాలికి బలపం కట్టుకుని ఇంటింటికీ తిరిగి ప్లాస్టిక్ డబ్బాలు అమ్మింది. తర్వాత ఒక బొమ్మల కొట్లో చేరింది. అక్కడ ఒక బొమ్మకు కన్ను ఊడిపోతే, "చూడండి, మీ పాపకి కన్నుకొడుతోంది" అని చెప్పి దాన్నీ అమ్మేసిందట. అదే సమయానికి గేమ్ సెట్ల కంపెనీ మనిషి ఒకాయన అక్కడ ఉండి, ఇంత నోరున్న మనిషిని వదులుకోకూడదనుకున్నాడు. అలా ఆమెకు మొదటి అంతస్తులో, మెట్లెక్కగానే కనబడే చోట, ఒక కౌంటరు దక్కింది. సెట్లు ఆ కంపెనీవి, జీతం ఆ కంపెనీది, చోటు మాత్రం దుకాణం ఓనరుది.

పిన్ని అమ్మకానికి ఒక పద్ధతుంది. సెట్టును పిల్లాడి చేతికివ్వదు. "పిల్లాడికిస్తే పిల్లాడు ఏడుస్తాడు, తండ్రికిస్తే తండ్రి కొంటాడు" అంటుంది. తండ్రి చేతిలో పెట్టి ఆడమంటుంది. కొడుకు ముందు ఆయన ఓడిపోతాడు. ఇంకోసారి అంటాడు. మళ్ళీ ఓడిపోతాడు. ఇక ఆ మనిషి దాన్ని కొనకుండా ఇంటికి వెళ్ళడం కల్ల.

ఆమె కౌంటరుకు సరిగ్గా ఎదురుగా ఇంకో కంపెనీవాళ్ళ కౌంటరు ఉండేది. అక్కడ నీలం కోటు వేసుకుని ట్యాబులు అమ్మే ఆయనకు పిన్ని ఎదురింటాయన అని పేరు పెట్టింది. అదే దుకాణంలో అందరి నోటా నిలబడిపోయింది. పిన్ని సెట్‌లో ఆటలు తప్ప ఇంకేమీ రావు. ఆయన ట్యాబులో అన్నీ వస్తాయి. కొనేవాళ్ళు ఇటు ఆగితే అటునుంచి కేక వచ్చేది.

"ఒక్క పనే వచ్చినవాడితో ఇల్లు గడవదు సార్! ఇటు రండి. పిల్లాడికి ఆట, మీకు సినిమా, అమ్మగారికి వంట నేర్పే వీడియోలు. ఇంటిల్లిపాదికీ ఒక్కటే!"

"ఇంటిల్లిపాదికీ ఒక్కటే కొంటే ఇంటిల్లిపాదీ కొట్టుకు చస్తారు," అని పిన్ని గొంతు పెంచేది. "అన్నీ వచ్చినవాడికి ఏదీ సరిగ్గా రాదండీ. వీణ్ణే చూడండి."

"అక్కా, నా బేరం చెడగొట్టకు!"

"నీ బేరమా? ఆయన నిలబడింది నా కౌంటరు ముందు!"

జనం మూగేవారు. ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందని అనుకునేవారు. వినోదం చూద్దామని ఆగినవాళ్ళే ఇటో అటో ఏదో ఒకటి కొని పోయేవారు. ఇదంతా ఆ ఇద్దరూ కూడబలుక్కుని ఆడే నాటకమని దుకాణంలో పనిచేసేవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. ఒక్కటే నియమం. కొనడానికి వచ్చిన మనిషి ఒక వస్తువును చేతిలోకి తీసుకున్నాక రెండోవాళ్ళు నోరు మూసుకోవాలి.

అదే భవనంలో కింద కళ్ళజోళ్ల దుకాణంలో నా ఉద్యోగం. మధ్యాహ్నం నా క్యారేజీ పట్టుకుని పైకి వెళ్తే, గోదాం పక్కన మెట్ల మీద ముగ్గురం కూర్చుని తినేవాళ్ళం. ఆయన పిన్నిని అక్కా అంటాడు కాబట్టి నేను మావయ్యా అనేదాన్ని. ఆ పిలుపు గుర్తొస్తే ఇప్పుడు నా నోరు నేనే కడుక్కోవాలనిపిస్తుంది.

అయినా ఉన్నమాట చెప్పాలి. మొదట్లో ఆయన మంచివాడే. అమ్మమ్మ పిన్ని దగ్గరే ఉండేది. ఒక సెలవుల సీజన్లో ఆవిడ స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. బడులకు సెలవులంటే అమ్మకాలకు పంట కాలం, కౌంటరు వదిలితే కంపెనీ ఊరుకోదు. ఆసుపత్రినుంచి ఫోన్ వచ్చేసరికి పిన్ని ఒక తండ్రి చేతిలో సెట్ పెట్టి ఉంది. వెళ్ళమని ఎదురింటాయన అన్నాడు. "ఈ ఒక్క బేరం చూసుకుని వెళ్తా" అంది పిన్ని. బేరం కుదిరింది. ఆమె వెళ్ళేసరికి అమ్మమ్మ లేదు.

పిన్ని మళ్ళీ పనిలోకి వచ్చిన రోజు ఆయన మెట్ల మీద పక్కన కూర్చుని, "ఇకమీదట నీ ఇంట్లో ఏ ఆపదొచ్చినా వెళ్ళిపో అక్కా. నీ కౌంటరు నేను చూస్తా. నా ఇంట్లో వస్తే నాది నువ్వు చూడు" అన్నాడు. అన్నట్టే చేశాడు కూడా. పిన్నికి జ్వరం వస్తే ఆమె సెట్లు అమ్మి, ఆమె పేరునే బిల్లులు రాయించాడు. రక్తసంబంధం కూడా అంత చెయ్యదని పిన్ని మా ఇంట్లో అందరికీ చెప్పుకుంది.

ఈ ఏడాది సెలవులు మొదలయ్యేసరికి రెండు కౌంటర్లకూ గిరాకీ సన్నగిల్లింది. అందరి ఫోన్లలోనూ ఆటలున్నాయి. పైగా చెవుల్లో పెట్టుకుని పాటలు వినే బుల్లి ముక్కల కంపెనీ ఒకటి కౌంటరు కోసం ఓనరు చుట్టూ తిరుగుతోంది. చెవిలో దూరే వస్తువుకు అంత పెద్ద కౌంటరు ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

అప్పుడే ఒక ఉదయం, దుకాణం తెరుస్తుండగా, పిన్నికి ఎదురింటాయన ఫోన్ చేశాడు.

"అక్కా, అమ్మ జారిపడింది. ఎడమ కాలు విరిగింది. ఆసుపత్రిలో చేర్చాను. ఎలా వచ్చేది..."

"వచ్చేదేంటి, నీకు బుద్ధుందా? నాతో మాటలేంటి, ఆవిడ పక్కన కూర్చో! ఇటువైపు రాకు. కౌంటరు ఒకటుందన్న సంగతే మర్చిపో," అని కసిరి ఫోన్ పెట్టేసింది.

ఆ వారం పిన్ని చేసిన పని చూస్తే నవ్వూ వచ్చేది, కోపమూ వచ్చేది. ఎర్రకోటు మీద ఆయన నీలం కోటు తగిలించుకుని అటు పరుగెత్తేది, అది తీసేసి ఇటు పరుగెత్తేది. తగువు కూడా ఒక్కతే ఆడేది. ఇక్కడ నిలబడి ఒక మాట, అక్కడికి వెళ్ళి గొంతు మార్చి దానికి జవాబు. జనం పడీపడీ నవ్వేవారు. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, ఆ తగువులో ప్రతిసారీ ఆయన్నే గెలిపించేది. ఎటూ తేల్చుకోలేని మనిషి ఎవరైనా వస్తే మెల్లగా ట్యాబువైపు నడిపించేది.

"నీ సెట్లు ఎవరమ్ముతారు పిన్నీ?" అన్నాను.

"నావి తర్వాతైనా అమ్ముకుంటానే. వాడు ఆసుపత్రిలో కూర్చుంటే వాడివి అమ్మిపెట్టేదెవరు?"

"సరే, ధర్మదేవతా. కింద వీధి మలుపులో నీ విగ్రహం పెట్టిస్తాం."

"పెట్టించు. కళ్ళజోడు మాత్రం మీ కొట్టుదే పెట్టించు, ఊరికే వస్తుంది," అని మళ్ళీ అటు పరుగెత్తింది.

ఆసుపత్రికి వచ్చి కాసేపు కూర్చుంటానని పిన్ని ఎన్నిసార్లు ఫోన్ చేసినా, లోపలికి ఒక్కరినే రానిస్తున్నారని ఆయన అనేవాడు. పిన్ని సరేననేది.

వారం తిరిగాక ఓనరు పిన్నిని తన అద్దాల గదిలోకి పిలిచాడు. ఆయన చెడ్డవాడు కాదు, సుత్తితో కొట్టినట్టు మాట్లాడతాడంతే. సెలవుల తర్వాత ఒక్క కౌంటరే ఉంటుందనీ, ఆమెది తీసేస్తున్నాననీ చెప్పాడు.

"ముందే చెప్పాను కదమ్మా, ఈ వారం ఎవరివి ఎక్కువ పోతే వాళ్ళని ఉంచుతానని."

"ఎవరికి చెప్పారు సార్?"

"అతనికి. అప్పుడు నువ్వు గోదాంలో ఉన్నావు. నీకు చెప్పమంటే చెప్తానన్నాడే!"

"రెండు కౌంటర్లలోనూ అమ్మింది నేనే కదా సార్."

"నువ్వే. నేను చూస్తూనే ఉన్నాను. కానీ పోయింది అతని సరుకు. జనానికి ఏది కావాలో తేలిపోయింది. నీ కంపెనీకి కూడా అదే చెప్పాను."

పిన్ని మెట్ల మీదికొచ్చి కూర్చుంది. ఇదంతా నాకు చెప్పి, "పాపం, చెప్పడం మర్చిపోయుంటాడే" అంది. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. "తల్లి అలా ఉంటే ఎవరికి గుర్తుంటుంది? అమ్మ పోయినప్పుడు నాకు నా పేరైనా గుర్తుందా? పోనీలే. ఆవిడ వైద్యానికైనా వాడికి ఉద్యోగం ఉండాలి కదా."

తన వేలితో తన కన్ను పొడుచుకుని, ఆ వేలికి నొప్పి పుట్టిందేమోనని ఊదుకునే మనిషి మా పిన్ని. ఇంకో ఉద్యోగం ఎక్కడ దొరుకుతుందో తెలియదు. ఆ వయసులో మళ్ళీ ప్లాస్టిక్ డబ్బాల సంచీ మోయలేదు. అవన్నీ ఆలోచించింది నేను. ఆమె మాత్రం ఎదురింటాయన తిరిగొచ్చిన రోజు మొదట అడిగింది వాళ్ళమ్మ ఎలా ఉందనే.

"కట్టు కట్టారక్కా. మంచం దిగొద్దన్నారు," అన్నాడు ఆయన, ట్యాబు తెర తుడుస్తూ. "నీకు చెప్పాల్సిన మాట ఆ గొడవలో గుర్తే రాలేదు. క్షమించక్కా."

"ఛ, క్షమించడమేంటి," అంది పిన్ని.

ఆఖరి రోజు నేను సెలవు పెట్టి సామాను సర్దడానికి వెళ్ళాను. పిన్ని సెట్లను ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి డబ్బాల్లో పెడుతోంది. ఎదురుగా ఆయన ఎవరికో ట్యాబు చూపిస్తున్నాడు. అప్పుడొక పెద్దావిడ చకచకా మెట్లెక్కి వచ్చింది. కదిలే మెట్లంటే భయమని మామూలు మెట్ల మీదుగా వచ్చిందట. ఆయాసం కూడా లేదు. తిన్నగా పిన్ని దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"ఎర్రకోటు అక్కవి నువ్వే కదూ? మావాడు పొద్దస్తమానం నీ మాటే చెప్తాడు. నేను వాడి అమ్మని. ఇక్కడ ఇక వాడొక్కడేనటగా, నిన్నొకసారి చూసి పోదామనిపించింది. వాడు వద్దన్నాడు, నేనే మనసాగక వచ్చేశా."

పిన్ని గాభరాగా స్టూలు లాగింది. "అయ్యో, కూర్చోండమ్మా, కూర్చోండి! మంచం దిగొద్దన్నారటగా! ఆ కాలితో మెట్లెక్కారా?"

"నా కాలికేమైంది తల్లీ?" అని నవ్విందావిడ. "రాయిలా ఉంది."

"మరి ఆసుపత్రి..."

"ఆసుపత్రి ఎవరికి? అక్కే రెండు కౌంటర్లూ చూసుకుంటానంది, నాకు వారం సెలవని చెప్పి వాడు ఇంట్లోనే ఉన్నాడు. సినిమాలు చూస్తూ పడుకున్నాడు. ఇన్నాళ్ళకి నా కొడుకు నా దగ్గర కూర్చున్నాడని నేను మురిసిపోయానమ్మా."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని అమ్మమ్మ అంటూ ఉండేది. నాకు ఒళ్ళంతా మండిపోయింది. నాలుగు దులిపేద్దామని నోరు తెరిచాను కానీ, పిన్ని మొహం చూసి ఆగిపోయాను. ఆ మొహంలో కోపం లేదు. తల్లి చేతిలో ఉన్నదేదో ఎవరో లాక్కుపోతే కూతురు చూసే చూపులా ఉంది.

ఆయన చేతిలోని ట్యాబు కొనేవాడికి వదిలేసి గబగబా వచ్చాడు. "అమ్మా, నువ్వు కిందికి పద. నేనొస్తున్నా."

"ఉండనీ తమ్ముడూ," అంది పిన్ని. ఆవిడ చేతులు ఇంకా వదల్లేదు. "మీ కాలు విరిగిందమ్మా. మీ అబ్బాయే విరగ్గొట్టాడు, ఈ కౌంటరు కోసం."

"అక్కా, మెల్లగా..."

"మెల్లగా ఎందుకు? కౌంటరు కావాలంటే నన్ను అడగాల్సింది. తిట్టుకుంటూ ఇచ్చేదాన్నేమో. పోనీ ఇంకే అబద్ధమైనా చెప్పాల్సింది. నాలుగు రోజులు ఏడ్చి మర్చిపోయేదాన్ని. మా అమ్మ పోయినప్పుడు నేనెలా ఉన్నానో నువ్వు కళ్ళారా చూశావు. ఆ ఒక్క మాటకే నేను ఎదురు చెప్పలేనని నీకు తెలుసు. వెతికి వెతికి ఆ మాటే పట్టుకొచ్చి నా మీద వేశావు కదరా!"

మా చుట్టూ జనం మూగారు. వాళ్ళలో ఎప్పుడూ వచ్చేవాళ్ళు కొందరు నవ్వుతున్నారు. ఎప్పటి తగువే అనుకున్నారు. ఒక తండ్రి తన కొడుకును బాగా కనబడాలని భుజాల మీదికి ఎత్తుకున్నాడు.

పెద్దావిడ నవ్వడం ఎప్పుడో మానేసింది. వంగి తన రెండు కాళ్ళవైపూ చూసుకుంది. తర్వాత కొడుకువైపు చూసింది.

"ఏ కాలురా?" అంది.

"ఎడమదమ్మా," అంది పిన్ని.