చెంచమ్మ నోటి బుట్ట జారిన ఉదయం

చెంచమ్మ నీళ్ళలో ఉన్నంతసేపూ తప్పు చేసేది కాదు. ఒడ్డెక్కిన తరువాత ఏది చేయాలన్నా ఆమెకు నలుగురి సలహా కావలసివచ్చేది.

దొరవారిసత్రానికి తూర్పున, పులికాటు సరస్సు ఒడ్డున ఉన్న ఒక కుప్పంలో 1958 నుంచి తొమ్మిదేళ్ళపాటు నేను ఏకోపాధ్యాయుడిగా పనిచేశాను. కుప్పమంటే చేపలు పట్టేవారి పల్లె. అక్కడి మగవాళ్ళు వలలు వేసుకొని పడవలెక్కేవారు. ఆడవాళ్ళది చేతివేట. తొడలోతు నీళ్ళలో వంగి, అడుగునున్న బురదను రెండు చేతులా తడుముతూ రొయ్యలను ఏరాలి. చేతులకు అదే పని గనుక, ఏరినవాటిని వేసుకొనే తాటాకు బుట్టను పళ్ళతో కరచి పట్టుకోవాలి. అందువల్ల, ఒడ్డున ఎంత వాగుడుకాయలైనా, సరస్సులో ఆ ఆడవాళ్ళంతా మౌనవ్రతం పట్టిన మునులవలె కనబడేవారు. నా తరగతి గదిలో అంతటి నిశ్శబ్దాన్ని నేను ఏనాడూ సాధించలేకపోయాను.

ఆ పనిలో ఆలోచనకు తావు లేదు. వేలికి తగిలింది రొయ్యా, పీతా, విషపు ముల్లున్న జెల్ల చేపా అన్నది రెప్పపాటులో తేలిపోవాలి. "ఇది ఏమై ఉంటుంది?" అని ఆగిన చేతికి ముల్లు గుచ్చుకుంటుంది. చెంచమ్మకు అప్పటికి ముప్పై ఏళ్ళు. అందులో ఇరవై ఏళ్ళు బురదలోనే గడిచాయి. ఆమె చేతిని జెల్ల ఒక్కసారి కూడా పొడవలేదు. ఒకమారు, తోకలో విషపు ముల్లుండే టేకు చేప కాలిని కొట్టిందట. అప్పుడు కూడా బుట్టను పళ్ళ నడుమనే ఉంచుకొని, కుంటుకుంటూ ఒడ్డుకు వచ్చి, రొయ్యలను తట్టలో పోసి, ఆ తరువాతే ఏడ్చిందని కుప్పమంతా చెప్పుకొనేవారు.

ఇంతటి మనిషి ఒక కుండ కొనాలంటే నలుగురిని అడిగేది. నలుగురూ నాలుగు రకాలుగా చెబితే అయిదవ మనిషి కోసం బడికి వచ్చేది. ఆ అయిదవ మనిషిని నేను.

"కొనేదా, వద్దా అయ్యోరా?"

ఆమె వాక్యంలో కర్త ఉండడు, కర్మ ఉండదు. క్రియ ఒక్కటే ఒంటరిగా నిలబడి ఉంటుంది. కొనేది ఎవరో, ఏమిటో మనమే పూరించుకోవాలి. సంపూర్ణ వాక్యంలో అడగమని ఒకసారి మందలించాను.

"అంత పొడుగ్గా అడిగేలోపల కుండ ఇంకెవురో కొనుక్కోని పోతారు గదా!" అన్నది.

1960లో ఆమె అడగవలసివచ్చింది కుండ గురించి కాదు. భర్త జ్వరంతో పోయి అయిదేళ్ళయింది. పిల్లలు లేరు. ఆ కుప్పంలో మారుమనువు తప్పు కాదు. కోరినవాళ్ళు ఇద్దరు. ఎవరో ఒకరిని పోలేరమ్మ జాతరలోపల ఒప్పుకోవాలనీ, వద్దనుకొన్నవాడి పరువు పోకుండా పదిమందిలో కారణం చెప్పాలనీ కుప్పం పెద్ద చెంగయ్య కట్టడి చేశాడు.

మొదటివాడు మునెయ్య. సొంత పడవ, సొంత వల. తాగుడు లేదు, జూదం లేదు, మాట కూడా లేదు. పలకరిస్తే తల ఊపేవాడు. మరీ ఆత్మీయుడైతే రెండుసార్లు ఊపేవాడు. రెండవవాడు మస్తానయ్య. ఆ కుప్పంలోనే పుట్టి, గూడూరులో మొదట కాఫీ హోటల్లోనూ, తరువాత అభ్రకం షెడ్డులోనూ, ఆపైన నిమ్మకాయల మార్కెట్లోనూ పనిచేసి, మూడింటినీ వదిలి, నాలుగవదాన్ని వెతకడం మరచిపోయి తిరిగివచ్చినవాడు. జేబు నిండా నిమ్మకాయలతో దిగి, కనబడిన ప్రతివారికీ ఒక కాయా, పది మాటలూ పంచాడు.

చెంచమ్మ బడికి వచ్చింది. "చేసుకునేదా?"

ఈసారి పూరించుకోవలసింది చాలా ఉంది గనుక, నేను నల్లబల్ల మీద నిలువుగా గీత గీసి ఇద్దరి గుణాలనూ రాశాను. మునెయ్య వైపు తొమ్మిది వచ్చాయి. మస్తానయ్య వైపు 'శుభ్రత' అని రాసి, చాలాసేపు యోచించి, 'మాటకారితనం' అని చేర్చి, అది గుణమో దోషమో తేలక పక్కన ప్రశ్నార్థకం ఉంచాను.

ఆమెకు చదువు రాదు. "ఏది పొడుగు?" అని అడిగింది.

"మునెయ్యది."

"ఓహో," అని నిట్టూర్చింది. బియ్యం నానబెట్టిన తరువాత పండుగ రేపు కాదని తెలిసినవాళ్ళు నిట్టూర్చినట్టు ఉండింది ఆ శబ్దం. నేను అప్పుడే గ్రహించవలసింది. కాని నాకు నా పట్టిక ముచ్చటగా కనబడుతూ ఉండింది. అక్షరాలు కూడా ఆ రోజు చక్కగా కుదిరాయి.

మేము బుచ్చిరెడ్డిపాలెం వైపు వరిపొలాల వాళ్ళం. మా ఇళ్ళలో ఆలోచించకుండా చేసేదేదీ లేదు. నా పెళ్ళికి జాతకాలూ, పొలం గట్లూ, కాలువ నీటి వంతులూ కూడా పరిశీలించారు. మా ఆదిశేషమ్మ ఉత్తమురాలు. ఆ విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. అయితే, అన్నీ నిశ్చయమైన తరువాతనే ఆమెను చూశాను గనుక, మొదటిసారి చూసినప్పుడు నాకేమనిపించిందో ఎంత ప్రయత్నించినా గుర్తుకు రాదు. ఏదో ఒకటి అనిపించే ఉంటుంది. అడిగినవాళ్ళు లేక అది ఎటో వెళ్ళిపోయింది.

చెంచమ్మకు కామమ్మ అని అక్క ఉండేది. ఆమె మునెయ్య పక్షం. మస్తానయ్య ఆమెను చూసినప్పుడల్లా "వదినా" అనేవాడు.

"ఎవురికిరా వదిన? ఇంకా ఏమీ కాలేదు గదా!"

"అయినంక కొత్తగా నేర్చుకునేదెందుకని, ఇప్పట్నించే అలవాటు చేసుకుంటా ఉండా వదినా."

అతడి నోరు మూయించడానికి కామమ్మ ఒక ఉపాయం పన్నింది. ఇద్దరు మగవాళ్ళూ ఒక ఉదయం చెంచమ్మతోపాటు చేతివేటకు దిగాలన్నది. ఆడవాళ్ళ పనిని గౌరవించలేనివాడికి ఆడమనిషి ఎందుకని అడిగితే, చెంగయ్య సరేనన్నాడు. కామమ్మ అసలు ఉద్దేశం వేరు: బురదలో మస్తానయ్య నవ్వులపాలు కావాలి, చెల్లెలి కళ్ళు తెరుచుకోవాలి.

జాతరకు నాలుగు రోజుల ముందు, పొద్దు బారెడెక్కిన వేళ, కుప్పమంతా ఒడ్డున చేరింది. బడికి పిల్లలు ఎలాగూ రారని నేను కూడా వెళ్ళాను. మునెయ్య బుట్టను ఒకసారి తిప్పి చూసి, పళ్ళతో కరచుకొని, నీళ్ళలోకి నడిచాడు. అతడి నోట బుట్ట ఉన్నా లేకపోయినా ఎవరికీ తేడా తెలియలేదు. మస్తానయ్య బుట్ట కరచుకొన్న తరువాత కూడా మాట్లాడబోయాడు. "మ్మ్ మ్మ్" అన్నాడు.

"ఏందంట?" అన్నారు ఎవరో.

"నన్నే, వదినా అంటాండాడు," అన్నది కామమ్మ. ఒడ్డంతా నవ్వింది.

చెంచమ్మ ఇద్దరి నడుమ వంగి పని మొదలుపెట్టింది. కొంతసేపటికి మునెయ్య బుట్ట సగం నిండింది. మస్తానయ్య పట్టినవి మూడు. అందులో ఒకటి చెప్పు ముక్క. అయినా దాన్ని కూడా రొయ్యంత మర్యాదగా బుట్టలో వేసుకొన్నాడు. నేను మనసులోనే మునెయ్య పట్టికలో పదవ గుణం రాసుకొన్నాను.

అంతలో మస్తానయ్య చేయి ఒక చోట ఆగింది. చెప్పాను కదా, ఆగకూడదు. జెల్ల పొడిచింది. అతడు నోరంతా తెరిచి అరిచాడు. బుట్టా, రెండు రొయ్యలూ, చెప్పు ముక్కా నీళ్ళపాలయ్యాయి. కామమ్మ చప్పట్లు కొట్టబోయింది.

ఆ చప్పట్లు మోగలేదు. టేకు కొట్టినప్పుడు కూడా వదలని బుట్ట చెంచమ్మ పళ్ళ మధ్యనుంచి జారింది. నిండు బుట్ట. రొయ్యలు చిటపటమని నీళ్ళలో చెదిరిపోతున్నా ఆమె చూడలేదు. అప్పటికే ఆమె చేతులు అతడి మణికట్టును బిగించి పట్టుకొన్నాయి.

"ఒరే సచ్చినోడా! కదిలించబాక! ముల్లు లోపల విరిగితే చెయ్యి కొట్టేయాల్సొస్తాది! ఎవురు దిగమన్నారు నిన్ను? నిమ్మకాయలు అమ్ముకునేవాడికి నీళ్ళతో ఏం పని?"

ఇరవై ఏళ్ళలో సరస్సులో ఆమె గొంతును కుప్పం వినడం అదే మొదలు. ముల్లు లాగింది, రక్తం పిండింది, తిడుతూనే ఒడ్డుకు నడిపించుకొని వచ్చింది. అతడు నొప్పితో నవ్వుతూ, నవ్వుతో ఏడుస్తూ వచ్చాడు. మునెయ్య బుట్ట నిండేదాకా ఏరి, ఆ తరువాత తాపీగా వచ్చాడు.

ఆ సాయంత్రం చెంగయ్య ఇంటి ముందు అందరూ కూర్చున్నారు. మస్తానయ్య చేయి వాచి, వేడి ఉప్పు మూటల కట్టుతో ఉంది. జీవితంలో మొదటిసారి మాట్లాడకుండా ఉన్నాడు.

"ఏం, ఇప్పుడు నోరు లేవదే?" అన్నది కామమ్మ.

"చెయ్యి నొప్పి వదినా."

"ఇన్నాళ్ళూ మాట్లాడింది చేత్తోనా?"

చెంగయ్య గొంతు సవరించుకొన్నాడు. "చెంచమా, నీ మాటేంది?"

"మస్తానయ్య."

ఒక్క పదం. క్రియ కూడా లేదు. అయినా అంతకంటె సంపూర్ణమైన వాక్యాన్ని నేను అంతవరకు వినలేదు.

"ఎందుకు? మునెయ్యలో ఏం తక్కువ?"

"తెలీదు పెద్దాయనా. చెయ్యి ముందే పొయ్యింది. నన్ను అడగలేదు."

"రొయ్యల్ని ఏరే చెయ్యి మొగుణ్ణి కూడా ఏరతాదని ఎవురు చెప్పినారు నీకు? కారణం కావాల."

ఈ ప్రశ్న న్యాయమైనది. నాకు ఈనాటికీ దీనికి జవాబు తెలియదు. చెంచమ్మ నావైపు చూసింది. నేను నేలవైపు చూశాను. నా పట్టికలో ఆమెకు పనికివచ్చేది ఒక్కటీ లేదు. ఇక అడగడానికి ఆమెకు నలుగురు లేరు, అయిదవవాడూ లేడు. చివరికి తానే చెప్పింది.

"మునెయ్య బంగారం మాదిరి మనిషి. తక్కువేం లేదు. పొద్దున్నించీ నా నోటికి బుట్ట అడ్డం. ఇంటికి పోతే అక్కడ పలికే దిక్కు లేకపోతే ఎట్టా? ఇంట్లోనూ నోరు మూసుకోవాలంటే, నాకు ఇంక మాటలెందుకు నేర్పించింది మా అమ్మ?"

కారణం ఆమెకు అప్పుడే, ఆ క్షణంలోనే దొరికిందని నా నమ్మకం. నిర్ణయం ఉదయమే జరిగిపోయింది. కారణం సాయంత్రానికి, ఆలస్యంగా బడికి వచ్చిన పిల్లవాడిలాగా, ఆయాసపడుతూ వచ్చి కూర్చుంది.

అందరూ మునెయ్య వైపు తిరిగారు. అతడు తల ఊపలేదు. లేచి నిలబడి, ఎవరూ ఎరుగనంత పొడుగు మాట చెప్పాడు.

"నాక్కూడా అదే దిగులుగా ఉండింది పెద్దాయనా. పొద్దంతా మూసుకోనుండే నోరు ఇంటికొచ్చి నామీద తెరిస్తే నేను యాడికి పోయేది? పడవలో పడుకుంటే దోమలు."

చెంగయ్య నవ్వు ఆపుకోలేక తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకొన్నాడు. జాతర మూడవనాడు మనువు జరిగింది. మునెయ్య పీతల కూర వడ్డించాడు. మస్తానయ్య ఎడమచేత్తో తాళి కట్టబోతే కామమ్మ కుడిచేతిని పట్టి లాగి కట్టించింది, అతడు కెవ్వుమన్నాడు.

వాళ్ళ కాపురం సాఫీగా సాగిందని చెప్పలేను. రోజూ పోట్లాడుకొనేవారు. అతడు మళ్ళీ రెండు పనులు పట్టి, రెండూ వదిలాడు. కడకు ఆమె ఏరిన రొయ్యలను సూళ్ళూరుపేట సంతకు మోసుకొనిపోయి అమ్మడంలో కుదురుకొన్నాడు. అక్కడ నోరున్నవాడిదే బేరం.

1967లో నాకు బదిలీ అయింది. పెట్టె సర్దుకొని, వాళ్ళ గుడిసె ముందు ఆగాను. చెంచమ్మ చేపలు ఎండబెడుతున్నది. ఏడేళ్ళుగా అడగాలనుకొని ఆపుకొన్న ప్రశ్నను సంపూర్ణ వాక్యంలో, కర్తకర్మక్రియలు చెదరకుండా అడిగాను:

"చెంచమ్మా, ఆనాడు నువ్వు చేసిన నిర్ణయం సరైనదేనని నీకు ఇప్పటికీ అనిపిస్తున్నదా?"

"అనిపించక! ఎందుకు అనిపించదు? అడగండి అయ్యోరా, బాగా అడగండి!" అని లోపలినుంచి మస్తానయ్యే జవాబు మొదలుపెట్టాడు.

ఆమె అతడి మాట ముగిసేదాకా ఆగలేదు; అది ముగిసే మాట కాదని ఆమెకు తెలుసు.

"అడగబాకండి అయ్యోరా," అన్నది, చేపను రెండోవైపుకు తిప్పుతూ. "అడిగితే ఆలోచించాల్సొస్తాది."