ఓడల సినిమాకు ఎల్లవ్వ తీర్పు

సిద్దిపేటలో డేరా టాకీసు వేసిన రోజుల్లో, సినిమా బాగుందో లేదో తెలుసుకోవడానికి జనం గోడ మీది బొమ్మల కాగితాన్ని నమ్మేవాళ్ళు కాదు. డేరా ముందు ఉడికించిన శనగల గుడాలు అమ్మే ఎల్లవ్వను అడిగేవాళ్ళు. భర్త తాటిచెట్టు మీంచి పడి చనిపోయాక ఆమె ఆ గంప పట్టింది. టాకీసు యజమాని ప్రభాకర్ ప్రతి సినిమాకూ మొదటి ఆట ఆమెను ఊరికే చూడనిచ్చేవాడు. ఆ మొహమాటానికి లొంగి ఆమె ఏనాడూ చెడ్డ సినిమాను మెచ్చుకోలేదు.

యుద్ధం సాగుతున్న 1944లో, ఓడల పోరాటం మీద తీసిన ఇంగ్లీషు సినిమా ఒకటి వచ్చింది. మాటలు ఎవరికీ అర్థం కావు కాబట్టి తెర పక్కన నిలబడి కథ చెప్పడానికి సిద్ధయ్యను పెట్టారు. వీధి భాగవతాల్లో ఆరితేరిన గొంతు అతనిది. తెర మీద ఫిరంగి పేలితే అంతకంటే గట్టిగా తానూ పేలేవాడు.

మొదటి ఆట ముగిసి ఎల్లవ్వ బయటికి రాగానే, రెండో ఆటకు వచ్చిన జనం మూగారు. ప్రభాకర్ ఆమెను పక్కకు పిలిచాడు.

"ఎల్లవ్వా, మస్తు దూరంకెల్లి తెప్పించిన దీన్ని. మంచిగున్నదని చెప్పు, గంతే."

"మంచిగున్నకాడ ఉన్నదనే చెప్త సేటు. లేనికాడ లేదనే చెప్త."

ఆమె జనం వైపు తిరిగింది.

"గన్ని నీళ్ళు మనం యాడ చూస్తం? ఓడలు కాలుడు గుడ మంచిగనే తీసిన్రు. గని సగందాంక ఒక్కతీరుగ కాల్చుడే. ఎవడు ఎవడో ఎరుకగాదు. గంతమంది సచ్చిన్రు, ఒక్కని పెండ్లాన్నన్న చూపియ్యలే."

ప్రభాకర్ ముఖం మాడిపోయింది.

"అయితే పోవద్దంటవా?" అని ఎవరో అడిగారు.

"పోవాలె. ఆఖర్ల శత్రువుల ఓడ మునుగుతది. గా ఓడల ఉన్నోడొకడు నీళ్ళల్ల కొట్టుకుంటుంటే ఇంగ్లీషోళ్ళు తాడేసి పైకి గుంజుతరు. గప్పటిదాంక కొట్టుకున్నోళ్ళు ఒకని మొకం ఒకడు చూసుకుంటరు. గది తీసినోడు మనిషి."

అంతలో చెమట తుడుచుకుంటూ సిద్ధయ్య వచ్చాడు.

"బిడ్డా, వాన్ని గుంజేటప్పుడు గుడ ఒర్లుతనే ఉన్నవు. గాడ జర ఊకో," అంది ఎల్లవ్వ.

సిద్ధయ్యకు రోషం వచ్చింది. "నేను చెప్పకుంటే జనానికి ఎట్ల తెలుస్తది అవ్వా?"

"వాని మొకం చూస్తె తెల్వదా?"

రెండో ఆటలో ఆ ఘట్టం రాగానే సిద్ధయ్య అలవాటుగా నోరు తెరిచాడు. తెర మీద తడిసిన చెయ్యి తాడును పట్టుకుంది. అతను నోరు మూసుకున్నాడు. నేల మీద కూర్చున్న ఆడవాళ్ళలో ఎవరో మెల్లగా "బతికిండు" అన్నారు.

పక్కనున్న కొండపాక నుంచి కూడా జనం బండ్లు కట్టుకొని మరీ వచ్చారు. నాలుగు నాళ్ళు ఆడితే చాలనుకున్న సినిమా వానలు పడేదాకా ఆడింది. ప్రభాకర్ ఒకరోజు గంప దగ్గరికి వచ్చి, "నీ మాటతోని ఆట ఖరాబైతదనుకున్న," అన్నాడు. ఎల్లవ్వ నవ్వి, ఆకులో గుడాలు పెట్టిచ్చింది.

ఆ తర్వాత ఏ సినిమా వచ్చినా సిద్ధయ్య ఆమె దగ్గరికి వచ్చి, "యాడ ఊకోవాల్నో చెప్పు అవ్వా," అని అడిగేవాడు. కొన్నిటికి ఆమె, "దీంట్ల ఊకునే జాగనే లేదు బిడ్డా, మంచిగ ఒర్లు," అనేది.