అరుగు మీది మద్దతు

రాష్ట్రం రెండయిన ఏడాదే మా వ్యాన్ల యూనియనూ రెండయింది. రాష్ట్రానికి కనీసం బిల్లు పెట్టారు. మావాళ్లు కుర్చీలు విసురుకుని సరిపెట్టుకున్నారు.

సాలూరు లారీల ఊరు. మాది దానికి ఇవతల, లారీ కొనలేనివాళ్ల ఊరు. అప్పట్లో ఘాటీ రోడ్డెక్కితే కొండ పైనున్న ఒడిశా యూనియన్‌తో మాకు యుద్ధం. ఆ మాట మావాళ్లదే. వాళ్ల కిరాయిలు మేం ఎత్తుకుపోతున్నామని మా బావ వ్యానుని పైన ఆపేశారు. అందులో బావ సొంతంగా కొన్న అల్లం ఉంది. బదులుగా మావాళ్లు వాళ్ల వ్యానొకటి పట్టి ఆఫీసు వెనక పెట్టారు. దాని డ్రైవరు బండిని వదిలి పోనన్నాడు. ఈ శత్రువుకి పూటపూటా అన్నం పంపేది మా అక్కే.

రాజీ పడదామన్న ప్రెసిడెంటుని దించేసి మా మేనమామ గద్దెనెక్కాడు. కమిటీ పదకొండుమందిలో ఆయన పక్షం నలుగురే. ఇంకో నలుగురు పాత ప్రెసిడెంటు వెంట పోయి వేరే యూనియన్ పెట్టుకున్నారు. మరో ముగ్గురు, “యుద్ధం అయ్యేదాకా బయటినుంచి మద్దతిస్తాం” అన్నారు. మాట టీవీది, అర్థం సొంతం. రోజూ వచ్చి, గుమ్మం దాటకుండా ఆఫీసు అరుగు మీద కూర్చునేవారు.

బావకి కావలసింది బండికి బండి మార్చుకునే తీర్మానం, అదీ అల్లం కుళ్లకముందే. తీర్మానానికి ఆరుగురు లోపలుండాలి.

“కిటికీలోంచి సెయ్యెత్తండి” అన్నాడు మావ.

“సెయ్యి లోపలికొస్తే మద్దతు లోపలికొచ్చినట్టు కాదేటి?” అంది అరుగు.

పొలిటికల్ సైన్సు చదివినవాణ్ని కదా అని నన్నడిగారు. మా సిలబస్‌లో కిటికీలు లేవన్నాను.

మర్నాడు అక్క వచ్చింది. “ఏటి మావా, బండెప్పుడొస్తాది?”

“వస్తాదే అమ్మీ. యుద్ధంలో ఉన్న ప్రభుత్వాన్ని తొందరపెట్టకూడదు.”

“యుద్ధమని అల్లానికి సెప్పినావా?” అని, ఆయన ముందున్న టేబులు పట్టుకుని అరుగు మీదికి ఈడ్చేసింది. టేబులు వెనకే మావ పక్షమూ బయటికొచ్చింది. “సూడండి, ఇప్పుడందరూ ఒక్కసోటే ఉన్నారు. ఎత్తండి సేతులు.”

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. “పెబుత్వమే బయటికొచ్చేస్తే మాకింక సోటేదీ?” అంటూ మద్దతు ఉపసంహరించుకుని టీకి పోయారు. టేబులు తిరిగి లోపలికి మోయడానికి మనుషులు చాలక మావ ప్రభుత్వం అక్కడికక్కడే పడిపోయింది.

బావ ఇంకెవర్నీ అడగలేదు. వెళ్లి ఒడిశా డ్రైవరు పక్కన ఎక్కి కూర్చున్నాడు. “పదరా. నీ బండి మీవాళ్లకి, నా బండి నాకు.”

పైన వాళ్ల కమిటీ కూడా ఏదో మీటింగులో ఉందిట. ఎవరూ అడ్డురాలేదు.

సాయంత్రం బావ దిగొచ్చేసరికి మావ సెంటర్లో పూలదండతో, ఫొటోగ్రాఫరుతో సహా నిలబడి ఉన్నాడు. ఓడిన ప్రభుత్వాలకు విజయాలంటే మహా ప్రీతి. బావ హారన్ కొట్టాడు గానీ బ్రేకు కొట్టలేదు.

ఇంటి దగ్గర గోనెలు విప్పితే అడుగువి కుళ్లాయి, పైవి మొలకలెత్తాయి. బావ తల పట్టుకున్నాడు. అక్క ఓ కొమ్ము విరిచి వాసన చూసింది.

“లెగు. మొలకొచ్చింది విత్తనానికి పోద్ది” అని, ఏరడానికి కూర్చుంది.