బాలమణి పోయి నాలుగేళ్లయిందట

వచ్చే నెల మా పదో తరగతి వాళ్లమంతా శామీర్‌పేటలో కలుద్దామనుకున్నాం. నా పక్కన కూర్చునే బాలమణి మాత్రం ఎవరికీ దొరకలేదు. అత్వెల్లికి కోడలిగా వెళ్లిందని విని ఈ మధ్యాహ్నం అక్కడ బస్సు దిగాను. రోడ్డు పక్కన మక్కకంకులు కాలుస్తున్న ఆమెను బాలమణి ఇల్లెక్కడని అడిగాను.

"బాలమణా? ఆమె పోయి నాలుగేండ్లాయె" అంది, విసనకర్ర ఊపుతూనే.

"ఏమైందక్కా? చిన్న వయసే గదా" అన్నాను.

"చిన్నదేంది? మా అత్తకు డెబ్బయ్యేండ్లు దాటినయ్."

"మీ అత్త కాదక్కా. శామీర్‌పేట బడిల నాతోని సదివిన బాలమణి."

విసనకర్ర ఆగింది. ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసింది.

"నువ్వు పద్మవానే? అది నేనే. అత్తది నాది ఒక్కటే పేరని, లగ్గమైనంక నన్ను రేణుకను జేసిండ్రు. ఇగ నేనే మర్శిపోయిన."

"అత్త పోయింది గదా. నీ పేరు నీకు ఇయ్యలేదా?"

"ఎవలిస్తరే? ఆధార్ కార్డుల గూడ రేణుకనే."

కలుసుకునే రోజు వస్తానంది. ఒక్క మాట మాత్రం ముందే చెప్పింది. "బాలమణీ అని పిలిస్తె నేను పలకకుంటే ఏమనుకోకుండ్రి."

మీ అమ్మకో వదినకో ఇలా పుట్టింట్లో పెట్టిన పేరు వేరే ఉంటే, ఈ రోజు ఒకసారి ఆ పేరుతో పిలిచి చూడండి. పలకడానికి ఎంతసేపు పట్టిందో కింద రాయండి.